ఆపడు గారి కొవ్వు మాత్ర

ఆయనకి కొవ్వెక్కువని ఊరంతటికీ తెలుసు, ఒక్క ఆయనకి తప్ప. ఆయన సిటీ బస్సు డ్రైవరు. రోడ్డు మీద తిరిగే మిగతా జనమంతా తన దారికి అడ్డం పడటానికే పుట్టారని ఆయనకి గట్టి నమ్మకం. స్టాపులో నిలబడి "ఆపండి, ఆపండి" అని చేతులెత్తి మొత్తుకుంటుంటే, అద్దంలో మీసం సవరించుకుంటూ ముందుకు పోయేవాడు. లోపలివాళ్ళు దిగాలని గంట కొడితే, "తర్వాతి స్టాపులో దిగి వెనక్కి నడవండి, ఒంటికి మంచిది" అనేవాడు. జనం విసిగి వేసారి ఆయనకి 'ఆపడు' అని పేరు పెట్టారు. ఆ పేరు ఎంత అతుక్కుపోయిందంటే, డిపోలో పెద్ద సారు కూడా "ఆ ఆపడు గారిని ఓసారి రమ్మనండి" అనేవాడు.

ఇక ఇంట్లో ఆయన వైభవం వర్ణించమంటే నా వల్ల కాదు. టీ చల్లారితే తప్పు, వేడిగా ఉంటే ఇంకా తప్పు. ఎదురు మాట్లాడితే పొగరు, మాట్లాడకపోతే మౌనంగా చేసే పొగరు. ఆయన అక్కగారు మేడ మీది వాటాలో ఉంటుంది. ఆవిడ నోరు కూడా చిన్నదేం కాదు గానీ, తమ్ముడి ముందు ఆవిడే మెట్ల మీద నుంచి మాట్లాడి, జవాబు వచ్చేలోగా తలుపేసుకునేది.

ఇవన్నీ పడ్డది ఆయన భార్య. కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తుంది. వీధిలో అందరికీ ఆవిడ కళ్ళద్దాలావిడ. ఆ పనిలో చేరిన మొదటి రోజున ఏం జరిగిందో ఆవిడ ఎవరికీ చెప్పలేదు, నేను చెబుతాను. ఆ రోజు కుండపోతగా వాన. కొత్త చెప్పులు, చేతిలో ఎర్ర గొడుగు. స్టాపులో నీళ్ళు నిలిచాయని స్తంభానికి కాస్త అవతలగా, మెరక మీద నిలబడింది. మొగుడి బస్సు వచ్చింది. మొగుడే కదా అని నవ్వుతూ చెయ్యెత్తింది. ఆయన చూశాడు. కళ్ళూ కళ్ళూ కలిశాయి కూడా. బస్సు ఆగలేదు సరిగదా, గుంటలోని నీళ్ళన్నీ ఆవిడ మీద చిమ్మి పోయింది. సాయంత్రం "నన్ను చూడలేదా?" అని అడిగితే, "చూశాను. స్టాపు స్తంభం దగ్గర. నువ్వు నిలబడింది స్తంభం దాటి. పెళ్ళానికో రూలు, జనానికో రూలా?" అన్నాడు. ఆ రోజంతా ఆవిడ తడి చెప్పులతోనే మిషను ముందు నిలబడి పనిచేసింది. ఆ తర్వాత ఇంకెప్పుడూ ఆయన బస్సు ఎక్కలేదు. ఎండయినా వానయినా నడకే.

అలాంటి మనిషికి మూడేళ్ళ క్రితం గుండెలో నొప్పి వచ్చింది. రక్తనాళంలో స్టెంట్ వేశారు. గుండె డాక్టరు మంచం పక్కన నిలబడి, రక్తపరీక్ష చూసి, ఇంటిల్లిపాదీ వింటుండగా, "మీకు కొవ్వు బాగా ఎక్కువైందండీ" అన్నాడు.



"చూశావా అమ్మాయ్!" అని అక్కగారు కళ్ళద్దాలావిడ మోచెయ్యి గిల్లింది. "మనం అంటే నోటి దురుసు అన్నాడు. ఇప్పుడు చదువుకున్నాయన, మిషన్లో పెట్టి చూసి మరీ చెప్పాడు!"

"దీనికి మాత్ర ఉంది," అన్నాడు డాక్టరు పాపం, ఇవేవీ తెలియక. "రోజూ భోజనమయ్యాక ఒకటి. కొవ్వు తగ్గుతుంది. జీవితాంతం మానకూడదు."

కళ్ళద్దాలావిడకి ఏడుపు ఆగలేదు. భయంతో కొంత, ఇన్నేళ్ళూ ఈ రోగానికి మందుందని ఒక్కళ్ళూ చెప్పలేదే అన్న ఉక్రోషంతో కొంత.

మాత్ర పనిచేసింది. అబ్బో, అలా ఇలా కాదు. ఆస్పత్రి నుంచి వచ్చిన కొద్దిరోజులకే ఓ పొద్దున ఆయన గ్లాసు కిందపెట్టి, "టీ బాగుంది" అన్నాడు. కళ్ళద్దాలావిడ చేతిలో గరిటె జారిపోయింది. అక్కగారు మేడ మీద నుంచి పరిగెత్తుకొచ్చి, "ఏమన్నాడు? మళ్ళీ అనమను" అంది. మళ్ళీ అన్నాడు. తిరిగి డ్యూటీలో చేరాక స్టాపు స్టాపుకీ ఆపడం మొదలుపెట్టాడు. తర్వాత స్టాపు లేనిచోటా ఆపాడు. చెవి గోక్కోవడానికి చెయ్యెత్తినా ఆపేవాడు. గోడకి సున్నం వేస్తున్నవాడు బ్రష్ పైకెత్తితే ఆపి, "ఎక్కడికి బాబూ?" అని అడిగాడు. ఓ ముసలాయన బస్సు కోసం కాదు, ఊరికే ఆయాసపడి ఆగానంటే, ఆయాసం తగ్గిందాకా బస్సు ఆపి ఉంచాడు. మునుపు ఆపడంలేదని ఫిర్యాదులొచ్చిన డిపోకి ఇప్పుడు కదలడంలేదని రావడం మొదలైంది. కండక్టరైతే చేతులు జోడించాడు.

"గురూగారూ, మీకు దణ్ణం పెడతాను. కాస్తంత కొవ్వు ఉంచుకోండి. ఇలాగైతే మనం సాయంత్రానికి కూడా డిపోకి చేరం."

"నాదేముందయ్యా," అనేవాడాయన వినయంగా. "అంతా మాత్ర మహిమ."

రోజూ పొద్దున్న కళ్ళద్దాలావిడ దుకాణానికి నడిచివెళ్తుంటే, పక్కన బస్సు ఆగేది. తలుపు తెరుచుకునేది. "ఎక్కు," అనేవాడు. "నడుస్తాలెండి," అనేది. ఆవిడ నడుస్తుంటే బస్సు పక్కనే నత్తనడక నడిచేది, లోపల జనం గోలపెడుతుంటే. మలుపు దాకా ఇదే తంతు. ఎందుకెక్కదని అక్కగారు అడిగితే ఓసారి చెప్పింది.

"ఆ బస్సు ఆపుతోంది ఆయన కాదు వదినా, మాత్ర. మాత్ర ఆపిన బస్సు నేనెందుకెక్కుతాను?"

అయినా ఆ మూడేళ్ళూ ఆవిడకి బంగారం. ఇంట్లో గొంతు పెద్దగా లేవడం లేదు. వంటింట్లో పక్కన నిలబడి గిన్నెలు తుడుస్తాడు. నవ్వుతాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళకి మొగుడు దొరికాడనుకుంది, దొరికింది మాత్ర పుణ్యమా అని అనుకుంది. అందుకే రోజూ భోజనం కాగానే ఆ మాత్ర తన చేత్తో అరచేతిలో పెట్టేది. మింగాక నోరు తెరిపించి చూసేది కూడా.

అలా ఉండగా ఆయనకి కడుపులో పోటు మొదలైంది. స్కానింగు తీస్తే పిత్తాశయం నిండా రాళ్ళు. "లోపల లోడు వేసుకుని తిరుగుతున్నానన్నమాట," అని ఆయన నవ్వాడు. ఆపరేషన్‌కి రోజు ఖాయం చేశారు. అంతదాకా డ్యూటీ మానే పని లేదన్నాడు.

వారం ముందు ఆస్పత్రి నుంచి ఫోన్ వచ్చింది. అప్పుడు కళ్ళద్దాలావిడ దుకాణంలో ఉంది. పక్క మిషను మీద అద్దం అరగదీస్తున్నారు. ఫోన్లో అమ్మాయి గబగబా చెబుతోంది.

"రక్తం పలచన చేసే మాత్రల సంగతి గుండె డాక్టరు గారు విడిగా చెప్తారమ్మా. కొవ్వు మాత్ర మాత్రం ఆప..."

మిషను గర్రుమంది.

"...ండి. ఆపరేషన్ రోజు పొద్దున కూడా!"

"కొవ్వు మాత్రా? ఆపండి అన్నారా?"

మిషను మళ్ళీ గర్రుమంది. "అవునమ్మా, ఆప...ండి. మర్చిపోవద్దు," అని అవతల పెట్టేశారు.

కళ్ళద్దాలావిడ గబగబా వీధిలోకి వచ్చింది. మళ్ళీ చేసింది. లైను బిజీ. మళ్ళీ బిజీ. సాయంత్రం అక్కగారితో చెబితే, "ఆపరేషనంటే ముందు మాత్రలన్నీ ఆపమంటారే అమ్మాయ్! మా ఆయనకీ అంతేగా. ఇందులో అడగడానికేముంది?" అని కొట్టిపారేసి, ఒక్క క్షణం ఆగి, రంగు మారిన ముఖంతో, "అయితే... మళ్ళీ వస్తుందా?" అంది.

"రాదంటారా?"



సంగతి విని ఆయన నేల చూపులు చూశాడు. గోళ్ళు కొరుక్కున్నాడు. తర్వాత "సరే, ఆపమంటే ఆపాలిగా" అని గొణిగి, చొక్కా వేసుకుని వీధిలోకి బయల్దేరాడు. ప్రతి ఇంటి తలుపూ తట్టి, "రేపట్నుంచి నాకు మాత్ర ఉండదు. ఏమైనా అంటే మనసులో పెట్టుకోకండి. ముందే క్షమాపణ చెప్పి వెళ్దామని వచ్చాను," అన్నాడు. వీధి వీధంతా గగ్గోలు. ఒకరు పిల్లల్ని వాళ్ళ పిన్ని ఇంటికి పంపించారు. కండక్టరు లేని జ్వరం తెచ్చుకుని సెలవు పెట్టబోతే, డిపోలో అందరూ అప్పటికే పెట్టేశారని అతనికి దొరకలేదు. అక్కగారు మంచి కప్పులూ సాసర్లూ అన్నీ మేడమీదికి చేరవేసి, కింద విరిగినవీ బీటలు వారినవీ ఉంచింది.

మొదటిరోజు ఏమీ కాలేదు. రెండోరోజు పొద్దున ఆయన టీ తాగి, గొంతు సవరించుకుని, "పంచదార తక్కువైంది," అన్నాడు.

"వచ్చేసింది!" అని మెట్ల మీద నుంచి అక్కగారు కేక. "కొవ్వు వచ్చేసిందే అమ్మాయ్!"

అక్కడి నుంచి మొదలు. కేకలు వేశాడు. కాలుతో పీట తన్నాడు. కప్పు విసిరి కొట్టాడు. కొట్టేముందు దాన్ని వెలుతురులో పెట్టి, బీట వారినదేనా కాదా అని చూసుకోవడం కళ్ళద్దాలావిడ గమనించింది గానీ, ఆ కంగారులో దానికి అర్థం వెతుక్కునే తీరిక లేకపోయింది. తిట్లలో కూడా ఏదో తేడా. "నువ్వు... నువ్వు ఒట్టి... అదీ!" అని సగంలో ఆగిపోయి, మాట దొరక్క కిటికీలోంచి బయటికి చూసేవాడు.

"మునుపటి ధాటి లేదు," అని అక్కగారు పెదవి విరిచింది. "ఇన్నాళ్ళూ వాడకపోతే తుప్పు పట్టి ఉంటుంది. వస్తుందిలే."

ఆ మాటకి కళ్ళద్దాలావిడకి ఒళ్ళు మండింది. వస్తుందిలే అట! ఎవరి సంసారం మీదికి వస్తుందట? ఆవిడకి రాత్రుళ్ళు నిద్ర పట్టడం మానేసింది. ఆపరేషన్ అయ్యాక మాత్ర మళ్ళీ మొదలుపెట్టినా, పాత మనిషి తిరిగొచ్చి తిష్ట వేసేస్తే? మూడేళ్ళు బాగున్న మనిషి మూడేళ్ళతోనే సరిపోతే? ఈసారి పడలేను, అనుకుంది. సుఖం తెలియకముందు పడింది వేరు, తెలిశాక పడటం వేరు.

ఆపరేషన్‌కి ముందురోజు పొద్దున ఆవిడ దుకాణానికి నడుస్తోంది. వెనక బస్సు చప్పుడైంది. స్తంభం దాటింది ఆవిడ. బస్సు వచ్చింది. ఆయన తిన్నగా ముందుకే చూస్తూ, బిగుసుకుపోయి, ఆవిడ పక్కనుంచి పోనిచ్చేశాడు.

ఆవిడ నిలబడిపోయింది. ఎప్పుడూ ఎక్కని బస్సు ఆగలేదని ఏడుపెందుకు చెప్పండి? అయినా వచ్చింది. కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటోంది. ఇంతలో మలుపు దగ్గర కీచుమని బ్రేకు. తర్వాత వెనక్కొస్తున్న బస్సు రొద. మలుపు దగ్గర్నుంచి స్తంభం దాకా, వెనకాల కార్లూ సైకిళ్ళూ పరారవుతుంటే, లోపల జనం "ఓరి దేవుడోయ్" అని సీట్లు పట్టుకుని అరుస్తుంటే, కండక్టరు వెనక మెట్టు మీద వేలాడుతూ "రానీ రానీ" అంటుంటే, ఆ బస్సు రివర్సులో వచ్చి సరిగ్గా ఆవిడ ముందు ఆగింది. తలుపు తెరుచుకుంది. ఆయన ఆవిడ వంక చూడలేదు.

"స్తంభం దాటి నిలబడ్డావు," అన్నాడు పాత గొంతుతో.

ఆవిడ ఎక్కలేదు. కాసేపు చూసి, తలుపు మూసుకుని, బస్సు వెళ్ళిపోయింది. మాత్ర లేకుండా బస్సు ఎలా ఆగిందని ఆవిడ దుకాణం దాకా ఆలోచించింది. ఒంట్లో ఇంకా అడుగూబొడుగూ మిగిలిన మాత్ర పని అయ్యుంటుందని సరిపెట్టుకుంది.

తెల్లారి ఆస్పత్రి. ఆయన్ని వదులు గౌను వేసి ట్రాలీ మీద పడుకోబెట్టారు. దారిలో కనబడ్డవాళ్ళందరినీ ఏదో ఒకటి అంటూనే ఉన్నాడు. కోత కోసే డాక్టరు పలకరించడానికొస్తే, "చేతులు కడుక్కున్నావా?" అన్నాడు. డాక్టరు చిన్నబుచ్చుకుని మళ్ళీ కడుక్కోవడానికి వెళ్ళాడు. ట్రాలీ తోసేది ఓ ముసలి ఆయా. ఎవరేది చెబితే అది వెంటనే చెయ్యడం ఆవిడ అలవాటు. థియేటర్ వైపు తోస్తుండగా ఎదురుగా మత్తు ఇచ్చే డాక్టరమ్మ వచ్చి, కాగితాలు చూస్తూ కళ్ళద్దాలావిణ్ణి అడిగింది.

"కొవ్వు మాత్ర పొద్దున వేశారా అమ్మా?"

"లేదండీ. మీరు చెప్పినట్టే వారం నుంచీ ఆపేశాం."

డాక్టరమ్మ ముఖం పాలిపోయింది. "ఆపేశారా! ఎవరు ఆపమన్నారు? ఆపకండి అని చెప్పించాను కదా!"

"ఆపండి అన్నారండీ."

ట్రాలీ ఆగింది.

"ఆపకండి అన్నాం!"

ట్రాలీ కదిలింది.

"ఫోన్లో నేనే విన్నానండీ. ఆపండి అనే!"

ట్రాలీ ఆగింది.

"ఆపకండి, ఆపకండి! గుండెలో స్టెంట్ ఉన్న మనిషికి ఎలా ఆపండి అంటాం?"

ట్రాలీ కదిలి, కదిలి, ఆగింది. ముసలి ఆయా "ఏదో ఒకటి తేల్చండమ్మా, నా మోకాళ్ళు పోతున్నాయి," అని వాపోయింది. ట్రాలీ మీద ఆయన రెండు పక్కలా కడ్డీలు పట్టుకుని, "డ్రైవింగు నేర్చుకుని రారా మీరు?" అని అరిచాడు.

కళ్ళద్దాలావిడకి మిషను గుర్తొచ్చింది. గర్రుమన్న చప్పుడు గుర్తొచ్చింది. ఒక్క అక్షరం. ఒక్క 'క'. దాన్ని మిషను మింగేసింది, ఆవిడ వినలేదు. "నా చేతులతో నేనే చంపుకున్నానా?" అని గట్టిగా ఏడ్చేసింది.

"అంత మాటెందుకమ్మా," అని డాక్టరమ్మ మెత్తబడింది. "ఆ మాత్ర కొవ్వు తగ్గించడానికే కాదు. రక్తనాళాల లోపలి గోడల్ని నిలకడగా ఉంచుతుంది. ఆపరేషనంటే ఒంటికి పెద్ద కుదుపు. అప్పుడే అది అవసరం. అందుకే ఇదివరకు వాడుతున్నవాళ్ళని ఆ రోజు పొద్దున కూడా మానొద్దంటాం. గుండె డాక్టర్ని పిలిపిస్తాను. చూసి చెప్తారు."

గుండె డాక్టరు వచ్చాడు. ఈసీజీ తీశారు, రక్తం చూశారు, ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. గుండె నిలకడగానే ఉంది. మాత్ర ఇప్పుడు వేసి, ఆపరేషన్ చేసి, తర్వాత మళ్ళీ మానకుండా ఇద్దామన్నారు. డాక్టరమ్మ గుక్కెడు నీళ్ళతో మాత్ర ఆయన నోట్లో వేసింది. ఆయన గుటకవేశాడు. మరుక్షణం ముఖం వికసించింది.

"తల్లీ," అన్నాడు ముసలి ఆయాతో, "మెల్లగా తోయమ్మా. మోకాళ్ళు జాగ్రత్త."

కళ్ళద్దాలావిడ చేతులు జోడించింది. "చూశారా డాక్టరమ్మా, ఎంత గొప్ప మాత్రో! నిమిషంలో కొవ్వు దిగిపోయింది."

డాక్టరమ్మ ఆయన వంకా, ఆవిడ వంకా మార్చి మార్చి చూసింది. "ఇంకా గొంతు దిగి ఉండదు. ఏం దిగింది?"

"కొవ్వండీ. పొగరు. దీనికే కదా మాత్ర?"

"అమ్మా," అంది డాక్టరమ్మ నిదానంగా, "ఆ కొవ్వు వేరు, ఈ కొవ్వు వేరు. ఇది రక్తంలో ఉండేది. పొగరు తగ్గించే మాత్రే ఉంటే ముందు మా సర్జన్‌కి వేసేదాన్ని."

థియేటర్ తలుపులు మూసుకున్నాయి.

బయట బల్ల మీద కళ్ళద్దాలావిడా, అక్కగారూ కూర్చున్నారు. అక్కగారికి ఆనందం పట్టలేకుండా ఉంది.

"అంటే మా వాడు మంచివాడేనన్నమాట! మాత్రా లేదు, గీత్రా లేదు. మూడేళ్ళూ వాడి మంచితనమేనే అమ్మాయ్!"

"అవును వదినా, ఆయనదే," అంది కళ్ళద్దాలావిడ. "మరి అంతకుముందుది ఎవరిది?"

అక్కగారు సంచిలో ఏదో వెతుక్కోవడం మొదలుపెట్టింది.

కోపమొచ్చింది ఆవిడకి. అంత కోపం పెళ్ళయ్యాక ఎప్పుడూ రాలేదు, ఎందుకంటే ఇన్నాళ్ళూ అది రోగమని సరిపెట్టుకుంది. రోగం కానప్పుడు అదేమిటి? టీ బాగుందనడం ఆయనకి ముందునుంచీ చేతనవును. బ్రేకు మీద కాలెయ్యడం చేతనవును. చెయ్యలేదంతే. తడి చెప్పులు గుర్తొచ్చాయి. లేచి ఇంటికెళ్ళిపోదామా అనుకుంది. లేచింది కూడా. అప్పుడు రివర్సులో వచ్చిన బస్సు గుర్తొచ్చింది. మాత్రకి సంబంధమే లేనప్పుడు, ఆ బస్సు వెనక్కి తెచ్చింది ఎవరు? మళ్ళీ కూర్చుంది. లోపల ఆయనకేమైనా అయితే ఎవరిని తిట్టాలి, ఎవర్ని అడగాలి? బయటికి రావాలి ఆయన. రావాల్సిందే. వచ్చి జవాబు చెప్పాలి.

ఆయన వచ్చాడు. రాళ్ళు పోయాయి, గుండె బాగుందన్నారు. మత్తు ఇంకా పూర్తిగా వదల్లేదు. కళ్ళు సగం తెరిచి, మంచం కడ్డీని రెండు చేతులా పట్టుకుని తిప్పుతున్నాడు. మలుపుల దగ్గర ఒళ్ళంతా వంచబోతుంటే నర్సు ఆపుతోంది.

"రైట్ రైట్," అంటున్నాడు. "జరగండి లోపలికి."

కళ్ళద్దాలావిడ మంచం కాళ్ళ దగ్గర నిలబడింది. ఆయన చూపు ఆవిడ మీద పడింది. కాలు గబుక్కున దుప్పటిని తొక్కింది.

"హోల్డాన్! తలుపు తియ్యవయ్యా, మా ఆవిడ తడిసిపోతోంది. గొడుగు కూడా తిరగబడింది."

"వాన లేదండీ," అంది నర్సు.

కళ్ళద్దాలావిడ అడగాలనుకున్నది అడిగింది. "స్తంభం దాటి నిలబడ్డానండీ."

"దాటితే ఏం?" అన్నాడు కళ్ళు మూతలు పడుతుండగా. "స్తంభానికి కాళ్ళు లేవు. బస్సుకి చక్రాలున్నాయిగా. ఎక్కు."

ఆవిడ మంచం పక్కనున్న మెట్టుపీట మీద కాలుపెట్టి, ఎక్కి, మంచం అంచున సర్దుకుని కూర్చుంది.

"రైట్ రైట్," అంది.

సాయంత్రానికి ఆయనకి బాగా తెలివి వచ్చింది. అక్కగారు టీ కోసం వెళ్ళింది. నర్సు కొవ్వు మాత్ర తెచ్చిచ్చింది. కళ్ళద్దాలావిడ దాన్ని అందుకుని, ఎప్పటిలా ఆయన అరచేతిలో పెట్టకుండా, తన చేతిలోనే ఉంచుకుంది.

"ఇది ఆ కొవ్వుకి కాదట. డాక్టరమ్మ చెప్పింది."

ఆయన పట్టుబడ్డ దొంగలా దుప్పటి గడ్డం దాకా లాక్కున్నాడు.

"నీకివాళ తెలిసిందా?"

"మీకెప్పుడు తెలిసింది?"

"డ్యూటీలో చేరిన మొదటి నెల్లోనే. ఓ రోజు మాత్ర చెయ్యిజారి తూములో పడిపోయింది. నీతో చెబితే కంగారుపడతావని వేసుకున్నట్టు నోరు తెరిచాను. మర్నాడంతా కొవ్వు ఎప్పుడొస్తుందా అని భయపడుతూ బండి నడిపాను. రాలేదు. స్టాపులన్నీ నేనే ఆపాను."

"మరి నాతో చెప్పలేదేం?"

"ఏమని చెప్పను? అన్నేళ్ళు నోరు పారేసుకున్నవాణ్ణి, రేపట్నుంచి మంచిగా ఉంటానంటే ఎవరు నమ్ముతారు? నవ్వుతారు. మాత్ర అంటే ఎవరూ నవ్వలేదు. అందుకే దాని చాటునే ఉండిపోయాను." ఆగి, ఊపిరి పీల్చుకున్నాడు. కుట్లు లాగుతున్నాయి కాబోలు. "నువ్వు మాత్ర ఆపమన్నారని వచ్చావు చూడు, నా పని అయిపోయిందనుకున్నాను. మంచిగా ఉంటే గుట్టు బయటపడుతుంది. అందుకని వారమంతా తిట్టాను. తిట్లు గుర్తురాక చచ్చానే. కప్పులు సరే, బీటలు వారినవే. నీ పక్కనుంచి బండి పోనివ్వడమే చేతకాలేదు. మలుపు దాకా వెళ్ళగలిగానంతే."

కళ్ళద్దాలావిడకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. కోపం మాత్రం పోలేదు. పోయిందని చెబితే నేను అబద్ధమాడినట్టు.

"ఆ మొదటి పాతికేళ్ళకి నేను మిమ్మల్ని ఏం చెయ్యాలి?" అని అడిగింది.

"నీ ఇష్టం," అన్నాడాయన. ఆ మాట చెప్పడానికి ఏ మాత్రా అడ్డం పెట్టుకోలేదు.

ఆవిడ గ్లాసులో నీళ్ళు పోసి, ఆయన తల కాస్త పైకెత్తి, మాత్ర అరచేతిలో పెట్టింది.

"ఇది గుండెకి. ఆపకండి," అంది, 'క' మీద గట్టిగా ఒత్తి పలుకుతూ. "మిగతాది మీరే చూసుకోండి."

ఆయన మింగాడు. అలవాటు చొప్పున నోరు తెరిచి చూపించబోయాడు.

"అక్కర్లేదు," అంది కళ్ళద్దాలావిడ.